గొంతులో ముల్లు, పొట్టలో బిళ్ల: మింగిన వస్తువును ఎప్పుడు వదిలేయాలి, ఎప్పుడు పరుగెత్తాలి

గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ల గొంతులో దిగేది ఎక్కువగా చేపముల్లు. పిల్లలు మింగేది ఎక్కువగా రూపాయి బిళ్ల. కొన్నేళ్లుగా బొమ్మల్లో, చిన్న రిమోట్లలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ కూడా వీటికి తోడైంది. చూడ్డానికి బిళ్లకూ బ్యాటరీకీ పెద్ద తేడా ఉండదు. కానీ బిళ్ల పొట్టలోకి దిగాక రెండు మూడు వారాలున్నా మామూలుగా ఏమీ చేయదు. బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కండను కాల్చడం మొదలుపెడుతుంది.

మింగిన వస్తువుల్లో నూటికి 80–90 ఎవరి సాయమూ లేకుండా మలంతో వచ్చేస్తాయి. 10–20 వాటిని ఎండోస్కోపీతో, అంటే నోట్లోంచి కెమెరా ఉన్న గొట్టం పంపి, తీయాల్సి వస్తుంది. ఆపరేషన్ దాకా వెళ్లేవి ఒక శాతం లోపే. ధైర్యం చెప్పే లెక్కే ఇది. అయితే మన ఇంట్లో మనిషి ఏ గుంపులో ఉన్నాడో తేలాలంటే మింగింది ఏమిటో, అది ఇప్పుడు ఎక్కడ ఉందో తెలియాలి.

ముందు ఊపిరి సంగతి చూడండి

వస్తువు అన్నవాహికలోకి కాకుండా గాలిగొట్టంలోకి పోతే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. పొలమారిన మనిషి దగ్గుతూ, మాట్లాడుతూ ఉంటే దగ్గనివ్వండి. నీళ్లు పట్టొద్దు. మాట రాక, దగ్గూ రాక, పెదవులు నీలం తిరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. మనిషిని ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి అడుగు భాగంతో గట్టిగా 5 దెబ్బలు కొట్టండి. బయటికి రాకపోతే వెనక నిలబడి చేతులు చుట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. వస్తువు బయటపడే దాకా ఇలా మార్చి మార్చి చేయాలి.

ఏడాది నిండని పసిబిడ్డకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద 5 దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి అడుగు భాగంతో 5 సార్లు నొక్కాలి. ఈలోగా పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ (రొమ్ము నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి.

వేరుశనగ గింజ దగ్గర చాలామంది మోసపోతారు. పిల్లవాడు ఒకసారి గట్టిగా పొలమారి, పది నిమిషాల్లో మామూలుగా ఆడుకుంటాడు. తర్వాత వారమైనా దగ్గు, పిల్లికూతలు తగ్గవు. ఆ గింజ పొట్టలోకి పోలేదు, ఊపిరితిత్తి గొట్టంలో కూర్చుంది. దగ్గు సిరప్ మార్చి మార్చి పట్టడం కాకుండా, ఆ రోజు పొలమారిన సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఏం మింగారో తేల్చుకోండి

ఊపిరి బాగానే ఉంటే ఐదు నిమిషాలు ఈ పనికి కేటాయించండి. పిల్లవాడు ఆడుకున్న చోట నేలంతా వెతకండి. బొమ్మ వెనక మూత ఊడి ఉందా, బ్యాటరీ ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి? అలాంటిదే మరొకటి ఉంటే ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి. బ్యాటరీ మీద, దాని అట్ట మీద ఉన్న అంకె పనికొస్తుంది. ‘సీఆర్ 2032’ అంటే అది లిథియం బ్యాటరీ, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. మింగిన సమయం, చివరిసారి ఏం ఎప్పుడు తిన్నారన్నది, మొదట కనబడ్డ బాధ ఏమిటన్నది ఒక చీటీ మీద రాయండి. గాభరాలో ముగ్గురు మూడు సమయాలు చెబితే మత్తు ఇచ్చే డాక్టరుకు ఇబ్బంది.

మింగడం ఎవరూ చూడకపోయినా కొన్ని గుర్తులు చెబుతాయి. ఆగకుండా చొంగ కారడం, అన్నం వద్దని మొరాయించడం, తిన్నది వెంటనే కక్కేయడం, మెడ పట్టేసినట్టు కదపకపోవడం, రొమ్ము మధ్యలో నొప్పి. అన్నవాహికలో మూడు చోట్ల దారి సన్నగా ఉంటుంది: గొంతు కింద మొదట్లోనే, రొమ్ములో పెద్ద రక్తనాళం పక్కన, పొట్టలో కలిసే చోట. ఇరుక్కునేవి ఎక్కువగా మొదటి చోటే ఇరుక్కుంటాయి. చిన్నపిల్లల్లో బిళ్ల ఇరుక్కున్నా ఏ గుర్తూ కనబడని రోజులుంటాయి. అందుకే ‘ఆడుకుంటున్నాడు కదా’ అని వదిలేయకూడదు.

ఇక్కడి నుంచి నోటికి ఏమీ ఇవ్వకండి. ఎండోస్కోపీకి మత్తు ఇవ్వాలంటే మామూలుగా అన్నం తిని 6 గంటలు, మంచినీళ్లు తాగి 2 గంటలు దాటాలి. దారిలో బిస్కెట్ పెట్టి ఊరుకోబెడితే ఆ గంటలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాల్సి వస్తుంది. వేలు పెట్టి కక్కించకండి. మొన ఉన్న వస్తువు దిగేటప్పుడు గీరకపోయినా పైకి వచ్చేటప్పుడు గీరుతుంది, లేదా గాలిగొట్టంలో పడుతుంది. కనబడని వస్తువు కోసం నోట్లో గుడ్డిగా వేలు తిప్పితే మరింత కిందికి పోతుంది. ఆముదం, విరేచనాల మందులు వేయకండి. పేగు మెలికలు తిరిగి పిండుకుంటుంటే మొన ఉన్నది తాపీగా జారే అవకాశం పోతుంది.

చేపముల్లు

పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ ముల్లు కూడా మింగమని ఎవరూ అనలేదు. పులసకు కండలోపల వెంట్రుకల్లాంటి ముళ్లు వరసలుగా ఉంటాయి. బొచ్చె, శీలావతిలలో రెండుగా చీలిన సన్నముళ్లు నడుం భాగం నుంచి తోక దాకా ఉంటాయి. ఇవి నాలుక మొదట్లో, టాన్సిల్లో, గొంతు పక్క గుంటల్లో గుచ్చుకుంటాయి. ఎక్కువ భాగం అక్కడే, అంటే డాక్టరు కంటికి అందే చోటే ఉంటాయి కాబట్టి కంగారు అక్కర్లేదు. పెద్ద చేప పక్కటెముక ముక్క, తల కూరలోని ఎముక మాత్రం అన్నవాహికలో అడ్డంగా పడతాయి. వాటి సంగతి వేరు.

1. తినడం ఆపండి. మింగి చూసుకోవడం కూడా ఆపండి. గుచ్చుకున్న చోట కండ మింగినప్పుడల్లా ముల్లును బిగిస్తుంది.

2. మెల్లగా నాలుగైదు సార్లు దగ్గి, గోరువెచ్చని నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి. వదులుగా ఉన్నది దీనితోనే వస్తుంది.

3. వెలుతురులో కూర్చోబెట్టి, సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని, చెంచా కాడతో నాలుకను కిందికి నొక్కి ‘ఆ’ అనమనండి. రెండు టాన్సిళ్లూ చూడండి. తెల్లటి మొన స్పష్టంగా కనబడి, మనిషి కదలకుండా ఉండగలిగితే శుభ్రమైన పట్టకారుతో ఒక్కసారి ప్రయత్నించవచ్చు. ఒక్కసారే. కనబడకపోతే, లేదా చిన్నపిల్లలయితే ఆ పని చేయొద్దు.

4. నొప్పి సరిగ్గా ఒకే చోట, మింగిన ప్రతిసారీ గుచ్చుతుంటే అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. గొంతులో మొద్దుబార్చే స్ప్రే కొట్టి, అద్దంతో గానీ ముక్కులోంచి పంపే సన్నటి గొట్టంతో గానీ చూసి తీసేస్తారు. చాలావరకు ఐదు పది నిమిషాల పని.

5. నీళ్లు హాయిగా దిగుతూ, గీరుకున్న మంట మాత్రమే ఉండి, గంటగంటకీ తగ్గుతుంటే ఒక రోజు చూడవచ్చు. ముల్లు పోయినా గీత మిగిలి, ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది. 24 గంటలు దాటినా తగ్గకపోతే చూపించుకోవాల్సిందే.

ఇక అన్నం ముద్ద. గట్టిగా పిసికిన ముద్ద, లేకపోతే అరటిపండు, నమలకుండా మింగమంటారు. మెత్తటి చిన్న ముల్లు వదులుగా తగులుకుని ఉంటే ఈ ముద్ద దాన్ని తోసుకుపోతుంది. ఈ చిట్కా ఇన్నాళ్లు బతికింది అందుకే. కానీ గట్టి ముల్లు అడ్డంగా దిగి ఉంటే అదే ముద్ద దాన్ని గోడలోకి నొక్కుతుంది. అన్నవాహికకు పేగులకున్నట్టు బయటి పొర ఉండదు. చిల్లు పడితే చీము నేరుగా రొమ్ములోకి చేరుతుంది, పక్కనే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం. లోపల ఎలా ఉందో తెలియకుండా తోయడం కంటే తోయకపోవడమే మేలు. నిమ్మరసం, వెనిగర్ ముల్లును కరిగించవు. ముల్లు మెత్తబడాలంటే పులుపులో గంటల తరబడి నానాలి, గుటక వేసిన రసం తగిలేది క్షణమే.

ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ముల్లు లేనట్టు కాదు. చేపముళ్లు చాలావరకు మామూలు ఎక్స్‌రేకు కనబడవు. ఈఎన్‌టీ డాక్టరు చూసినా దొరక్క, నొప్పి మెడ కిందికి లేదా రొమ్ములోకి ఉంటే అడగాల్సింది మెడ, రొమ్ము సీటీ స్కాన్. తెల్లటి బేరియం తాగించి ఎక్స్‌రే తీయడం ఇక్కడ పనికిరాదు. అది గోడలకు పూతలా అంటుకుని ఎండోస్కోపీలో ఏదీ కనబడనివ్వదు.

జ్వరం, మెడ వాపు, మెడ మీద నొక్కితే కరకరమనడం, రొమ్మునొప్పి, రక్తం కక్కడం: వీటిలో ఏది వచ్చినా తెల్లవారే దాకా ఆగకూడదు. ముల్లు గొంతు దాటి పొట్టలోకి పోయిందనుకున్నాక కొన్ని రోజులకు కడుపులో ఒకచోట నొప్పి, జ్వరం మొదలైతే చేప తిన్న సంగతి డాక్టరుకు చెప్పండి. చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట గుచ్చుకున్న ముల్లు అచ్చం ఉండుకం (అపెండిక్స్) నొప్పిలాగే ఉంటుంది.

కట్టుడు పళ్లవాళ్లకు ఒక మాట. పైదవడ సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి ముల్లు నోట్లో ఉన్నా తెలియదు. వాళ్లకు చందువా, పండుగప్ప, కొర్రమీను మేలు, సన్నముళ్లు తక్కువ. శీలావతి, బొచ్చె వండితే ముక్కను పక్కన పెట్టుకుని వేళ్లతో నలిపి ముళ్లు తీసి ముందు తినేయాలి, పులుసన్నం తర్వాత. అన్నంలో ముక్క కలిపి పెద్ద ముద్దలు చేయడమే అసలు చిక్కు.

బటన్ బ్యాటరీ: ఇక్కడ గడియారమే డాక్టరు

బ్యాటరీ లోపలి మందు కారడం వల్ల కాల్చుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బ్యాటరీ రెండు వైపులా తడి కండ తగలగానే కరెంటు ప్రవహిస్తుంది. రుణధ్రువం ఉన్న సన్నటి వైపు క్షారం తయారవుతుంది, గట్టి సోడా పోసినట్టు కండ కరుగుతుంది. వాచీలో పనిచేయని ‘అయిపోయిన’ బ్యాటరీలో కూడా ఇందుకు సరిపడా శక్తి మిగిలే ఉంటుంది. 20 మిల్లీమీటర్ల లిథియం బ్యాటరీ 3 వోల్టులది. పసిపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే సైజు కూడా అదే. అందుకే అన్నిటికన్నా చెడ్డది.

మింగాడని అనుమానం వచ్చినా చాలు, బయల్దేరండి. రుజువు కోసం ఆగకండి. ఏడాది దాటిన బిడ్డ మింగగలుగుతూ, ఊపిరికి ఇబ్బంది లేకుండా ఉంటే, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో ప్రతి 10 నిమిషాలకు రెండు టీస్పూన్ల తేనె, అంటే 10 మిల్లీలీటర్లు, ఇవ్వండి. గరిష్ఠంగా 6 సార్లు. నోటికి ఏమీ ఇవ్వొద్దన్న పై మాటకు ఇదొక్కటే మినహాయింపు. తేనె బ్యాటరీకీ కండకూ మధ్య పూతలా నిలిచి క్షారాన్ని కొంత విరుస్తుంది, అంతే. బ్యాటరీ తీయడానికి బదులు కాదు. తేనె కొనడానికి బండి ఆపాల్సి వస్తే ఆపకండి. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు ఇవ్వకూడదు.

ఆసుపత్రిలో మొదటి పని ఎక్స్‌రే, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. ఎదురు చిత్రంలో బ్యాటరీ అంచు చుట్టూ రెండో వలయం కనబడుతుంది. పక్క చిత్రంలో మెట్టులా అంచు కనబడుతుంది. బిళ్లకు ఈ రెండూ ఉండవు. రాత్రిపూట హడావిడిలో ఒకే ఫిల్ము తీసి ‘బిళ్లే, రేపు చూద్దాం’ అన్నప్పుడు పక్క చిత్రం కూడా తీయమని మర్యాదగా అడగండి. అన్నవాహికలో ఉంటే కడుపు ఖాళీగా ఉందా లేదా అని చూడకుండా వెంటనే తీయాలి. పొట్టలోకి దిగిపోయినా, అయిదేళ్ల లోపు బిడ్డ, 20 మిల్లీమీటర్ల బ్యాటరీ అయితే ఒకటి రెండు రోజుల్లో ఎండోస్కోపీ గురించి ఆలోచిస్తారు, దిగేటప్పుడు ఎక్కడైనా కాల్చిందేమో చూడాలి కాబట్టి.

తీసేశాక అయిపోయినట్టు కాదు. కాలిన గోడ రోజుల తర్వాత కూడా చిల్లుపడి పక్క రక్తనాళంలోకి తెరుచుకోవచ్చు. తర్వాతి మూడు నాలుగు వారాల్లో ఒక్క చెంచా రక్తం కక్కినా, నల్లగా తారులా విరేచనమైనా వెంటనే ఆసుపత్రికి.

అయస్కాంతాలు, పిన్నీసులు, గాలాలు

ఒక్క అయస్కాంతం బిళ్లలాంటిదే. రెండైతే, లేదా ఒకదానితో పాటు ఇనుప ముక్క కూడా మింగితే, పేగు రెండు మడతలకు రెండు వైపులా నిలబడి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగుకు రక్తం అందక చిల్లు పడుతుంది. మొదటి రోజు పిల్లవాడు బాగానే ఉంటాడు, అదే మోసం. ఎక్స్‌రేలో పూసల దండలా ఒకటిగా కనబడినా ఎన్ని ఉన్నాయో లెక్కించాలి. ఎంఆర్ఐ గదిలోకి తీసుకెళ్లకూడదు.

చీర కుచ్చిళ్లు పెట్టుకుంటూ పిన్నీసు పళ్ల మధ్య పట్టుకోవడం, వడ్రంగి మేకులు నోట్లో పెట్టుకోవడం, టైలరు గుండుసూది కొరుక్కోవడం రోజూ చూసేవే. మూసి ఉన్న పిన్నీసు పొట్టలోకి దిగితే చాలావరకు జారిపోతుంది. తెరుచుకున్నది, మొన పైకి ఉన్నది అన్నవాహికలో ఉంటే అప్పటికప్పుడే తీయాలి. పొట్టలోకి దిగిన మొన వస్తువుల్ని కూడా అందుబాటులో ఉండగానే, 24 గంటల్లోపు తీసేయడం మంచిది. మొన ముందుంటే గుచ్చుకుంటుంది, వెనకుంటే గుచ్చుకోకుండా వెంట జారుతూ వస్తుంది. ఎండోస్కోపీ చేసేవాళ్లు పిన్నీసును పొట్టలో తిప్పి మొన వెనక్కి వచ్చేలా పట్టి తీసేది అందుకే. అమెరికా వైద్యుడు షెవాలియర్ జాక్సన్ (1865–1958) రోగుల గొంతుల నుంచి, గాలిగొట్టాల నుంచి తీసిన 2,374 వస్తువులు ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల నిండా ఉన్నాయి. వాటిలో పిన్నీసులకు కొదవ లేదు.

గాలం మింగి దారం నోట్లోంచి వేలాడుతుంటే లాగకండి, పొట్టిగా కత్తిరించకండి. దారాన్ని చెంపకు ప్లాస్టర్‌తో అంటించి తీసుకెళ్లండి. కట్టుడు పన్ను ఊడి లోపలికి పోతే ప్లాస్టిక్ భాగం ఎక్స్‌రేకు కనబడదు, తీగ కొక్కెం మాత్రమే కనబడుతుంది. మిగిలిన సెట్టు చూపించండి.

పెళ్లి భోజనంలో మాంసం ముక్క అడ్డం పడి, సొంత ఉమ్మి కూడా దిగక గిన్నె పట్టుకుని కూర్చున్నవాళ్లకు 6 గంటల్లోపు ఎండోస్కోపీ కావాలి. సోడా తాగించొద్దు. ఇలా రెండోసారి జరిగితే తప్పు ముక్కది కాదు. అన్నవాహిక సన్నబడిందేమో, పుండో గడ్డో ఉందేమో చూపించుకోవాలి.

ఆగి చూడదగ్గవి

బిళ్ల పొట్టలోకి దిగిందని ఎక్స్‌రేలో తేలితే ఇంటికి పంపేస్తారు. రూపాయి, రెండు, ఐదు రూపాయల బిళ్లలు 20–27 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి, పది రూపాయలది 27. పెద్దవాళ్లలో 25 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు, 5–6 సెంటీమీటర్లకు మించిన పొడవు ఉన్నవి పొట్ట దాటడం కష్టం. పసిపిల్లల్లో 3 సెంటీమీటర్ల పొడవే ఎక్కువ. మామూలు తిండి పెట్టండి. డజను అరటిపళ్లు తినిపించనక్కర్లేదు. నాలుగైదు రోజుల్లో వస్తుంది, కొందరికి మూడు నాలుగు వారాలు. మలాన్ని పాత జల్లెడలో వేసి మగ్గుతో నీళ్లు పోస్తూ చూడండి, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని. రాకపోతే వారం వారం ఎక్స్‌రే. నాలుగు వారాలకీ పొట్టలోనే ఉంటే తీసేస్తారు. ఈలోగా కడుపునొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం, జ్వరం, మలంలో రక్తం వస్తే వారం ఆగకూడదు. బిళ్ల అన్నవాహికలోనే ఆగి ఉంటే, బాధ లేకపోయినా 24 గంటల్లోపు తీయాలి. చొంగ కారుతుంటే వెంటనే.

చింతగింజ, నేరేడు గింజ, సీతాఫలం గింజ ఎటూ వచ్చేస్తాయి. సపోటా గింజ ఒక్కదానికి కొసన కొక్కెం ఉంటుంది, గొంతులో తగులుకుంటే చూపించాలి.

ఎక్కడికి వెళ్లాలి

పిల్లలకు ఎండోస్కోపీ చేసే డాక్టరు, మత్తు డాక్టరు ఇద్దరూ ఒకేచోట దొరకడం అన్ని ఊళ్లలో ఉండదు. బయల్దేరుతూనే ఫోన్ చేసి అడగాల్సినవి మూడు: పిల్లల ఎండోస్కోపీ ఉందా, మత్తు డాక్టరు ఇప్పుడు ఉన్నారా, మేం వచ్చేసరికి సిద్ధంగా ఉంటారా. లేదంటే దగ్గర్లో ఎక్స్‌రే మాత్రం తీయించి, ఫిల్ము చేత్తో పట్టుకుని ముందుకు సాగండి. పై ఆసుపత్రిగా కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. కోనసీమలో ముమ్మిడివరం వైపు వాళ్లకు ఎదుర్లంక–యానాం వంతెన మీదుగా కాకినాడ దారి. రాజోలు వైపు వాళ్లు చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వెళ్లవచ్చు. సఖినేటిపల్లి రేవులో రాత్రి పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) దొరుకుతుందన్న నమ్మకంతో బయల్దేరకండి. వరద రోజుల్లో లంకల్లో ఉన్నవాళ్లు బ్యాటరీ, అయస్కాంతం, మొన వస్తువు విషయంలో పడవ కోసం పొద్దున దాకా ఆగకుండా 108కి, పంచాయతీ వాళ్లకు ఒకేసారి చెప్పాలి.

ఇంట్లో ఈ వారం చేయదగ్గవి

స్క్రూ లేని బ్యాటరీ మూత ఉన్న బొమ్మను, ఎల్ఈడీ ప్రమిదను, పాటల గ్రీటింగ్ కార్డును పిల్లల చేతికి ఇవ్వకండి. మూత వదులైన రిమోట్‌కు వెడల్పాటి టేపు చుట్టండి. బంగారం తూచే చిన్న కాటా, కారు తాళం, థర్మామీటర్ కూడా చూడండి. తీసిన పాత బ్యాటరీకి రెండు వైపులా టేపు అంటించి, డబ్బాలో వేసి అటక మీద పెట్టండి. టీవీ పక్కన, గుమ్మం మీద పెట్టిన ఒక్క బ్యాటరీ కోసం మంచం కిందా, పిల్లవాడి నోట్లోనూ వెతకాల్సి వస్తుంది.